చీటీ ఉన్నవాళ్ళు

గోడకి సరైన రంగు వేయించే స్తోమత లేనప్పుడు గోడ కనపడకుండా చేసుకోవాలి. ఈ మాట నాది కాదు, మా ఆవిడది. పన్నెండేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేసి, ఒక్క మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ మొహం చూడాల్సి వచ్చిన మనిషి ఆమె. సొంత ఇంటి తాళం చేతికొచ్చిన రోజు సంచిలో దోసెడు మేకులు పోసుకుని వచ్చింది. ఏ గోడకి కొడతావే అంటే, అన్నిటికీ అంది.

ఇల్లంటే పెద్దదేం కాదు. రెండు గదులు, ఒక హాలు, ఓ మూల వంటిల్లు, వెనక ఖాళీ జాగా. కొనడంతోనే మా పని అయిపోయింది. ఇక అలంకరణ అంటారా, ఉన్నదానితో సర్దుకోవడమే. రంగుల కొట్టులో కలిపించుకున్నాక నచ్చలేదని ఎవరో వదిలేసిన డబ్బాలు సగం ధరకి ఇస్తారు. అలా ఒక గది పచ్చగా, ఇంకో గది ఏ రంగో చెప్పలేనట్టుగా తేలింది. మా ఆవిడ టైలరు కాబట్టి కుట్టగా మిగిలిన ముక్కలన్నీ అతికి కర్టెన్లు కుట్టింది. ఒక్కో కర్టెన్‌లో పదిమంది బట్టలుంటాయి. హాల్లో బల్బు హోల్డరు ఉంది గానీ బల్బు లేదు. వంటింట్లో దీపం హాల్లోకి పడుతుంది కదా, రెండు బల్బులెందుకు దండగ అన్నారు మా అత్తగారు.

ఆవిడ మాతోనే ఉండేవారు. నోట్లోవి కట్టుడు పళ్ళే గానీ మాటలు మాత్రం సొంతవి. నేను రంగు పూస్తుంటే వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "అల్లుడు గారూ, గోడ కంటే మీకే ఎక్కువ పడుతోంది, మిమ్మల్నే అక్కడ నిలబెడితే సరిపోయేది కదా," అనేవారు. ఆవిడ అలా అనగానే మా అమ్మాయి పడీపడీ నవ్వేది. ఆరేళ్ళది. ఎత్తు పెరగలేదని దాన్ని బుడంకాయ అని పిలిచేవాళ్ళం. అంకెలు కొత్తగా నేర్చుకుంటోంది, కనపడ్డ అంకెనల్లా వేలు పెట్టి పైకి చదివేది.

అన్నీ కుదిరాయి గానీ హాల్లో పెద్ద గోడ మాత్రం లొంగలేదు. ఎన్ని పూతలు పూసినా చెమ్మ మచ్చ మళ్ళీ పైకి తేలేది.

"ఫోటోలు పెడదామండీ," అంది మా ఆవిడ. "పటాలు కట్టేవాడి ఇంట్లో ఒక్క పటం లేదంటే వినేవాళ్ళు నవ్వుతారు."

"అయితే నీదీ ఒకటి తీయిద్దాం."

"నాదెందుకు? నేను ఎదురుగానే ఉంటాగా."

ఇరవై రెండేళ్ళుగా నేను ఫోటోలకి పటం కట్టే కొట్టులో పని చేస్తున్నాను. మా యజమానిని ఊరంతా పెద్దాయన అంటుంది. ఆయన కట్టుబాట్లు ఆయనకున్నాయి. డెలివరీ బుధవారం సాయంత్రమే. ఫోటో ఇచ్చినవాళ్ళకి నంబరు వేసి ఒక చీటీ ఇస్తాం. అదే నంబరు ఇంకో చీటీ మీద రాసి ఫ్రేము వెనక చెక్కకి అంటిస్తాం. చీటీ పట్టుకొచ్చినవాళ్ళకి నంబరు సరిచూసి, కాగితంలో చుట్టి ఇచ్చెయ్యాలి. నువ్వెవరు, ఆ ఫోటోలో ఉన్నవాళ్ళు నీకేమవుతారు అని అడక్కూడదు. ఫోటోలో మొహాలు మేం చూడం. ఒక్కో మొహం చూస్తూ కూర్చుంటే పని తెమలదు. మాకు కావలసింది అంచులు, కొలతలు.

ఫోటో ఇచ్చి మళ్ళీ రానివాళ్ళు ఉంటారు. వాళ్ళ పటాలన్నీ కొట్టు అటక మీద వరసగా నిలబెట్టి ఉంటాయి. నేను పుట్టకముందువి కూడా ఉన్నాయి. చేవ ఉన్న టేకు, మందపాటి అద్దం. ఇప్పుడు అలాంటివి కొనాలంటే నా నెల జీతం చాలదు.

"వాటి జోలికి పోకు," అని నేను పనిలో చేరిన రోజే పెద్దాయన చెప్పాడు. "వాళ్ళు వస్తారు. వాళ్ళ మనుషులు అక్కడే భద్రంగా ఉన్నారు కాబట్టి తొందరపడట్లేదు, అంతే."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. కంటి ఆపరేషనుకని ఆయన కొట్టుకి రాని రోజుల్లో అటక ఎక్కాను. అడిగితే ఇవ్వడని తెలుసు. దొంగతనం అంటారా, అనండి, కాదనను. దుమ్ము తాగుతున్న టేకు నా కూతురి మొహం చుట్టూ ఉంటే ఎవరి సొమ్ము పోయింది అనుకున్నాను. పక్కపక్కనే ఉన్న రెండు తెచ్చాను, నలభై ఒకటి, నలభై రెండు. మూడోది కొట్టులో మిగిలిన ముక్కలతో అదే కొలతకి, అదే రంగుకి నేనే చేశాను. నేను చేసినదానికి చీటీ గీటీ లేదు.

ఇక్కడే నా పనితనం నన్ను ముంచింది. ఫోటో వెనక గట్టి అట్ట పెట్టాలి, లేకపోతే నాలుగు నెలలకే ముడత పడుతుంది. మూడో పటానికి సరిపడా అట్ట ఇంట్లో ఉంది. మిగతా రెండిటికీ కొనాలి. కొనడం దేనికి? ఆ రెండు పటాల్లో ఉన్న పాత ఫోటోలే రేకులా గట్టిగా ఉన్నాయి. వాటిని బోర్లా తిప్పి, వాటి వీపుకి మా ఫోటోల వీపు అంటించేశాను. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి నేను కాచే జిగురు ఇంతవరకు ఎక్కడా ఊడలేదు. నలభై ఒకటిలో అత్తగారు. నలభై రెండులో బుడంకాయ. మూడోదాంట్లో నేను, కొట్టు ముందు నిలబడి, తల దువ్వుకుని. వెనక ఉన్న పాతవాళ్ళ మొహాలు గోడవైపు తిరిగి ఉన్నాయి. వాళ్ళెవరో నేను చూడలేదు.

మూడు పటాలూ వరసగా తగిలించాక మచ్చ మాయమైంది. మా ఆవిడ మిషను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ గోడనే చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్ళలో ఆమె ఊరికే కూర్చోవడం నేను చూసింది ఆ రోజే.

*

ఆ బుధవారం కొట్టు నుంచి వచ్చేసరికి గోడ మీద మొదటి పటం లేదు.

"ఎవరో వచ్చారు అల్లుడు గారూ," అన్నారు అత్తగారు. "ఫోటో కోసం వచ్చానన్నాడు. చీటీ చూపించాడు. పటం తిప్పి చూస్తే నలభై ఒకటి, సరిపోయింది. కాగితంలో చుట్టి ఇచ్చేశాను. మీ కొట్టు మర్యాద నాకు మాత్రం తెలియదా?"

 పెద్దాయనకి తెలిసిపోయిందని భయం వేసింది. ఇంకో భయం ఉండాలని నాకప్పుడు తెలియదు.

"మీ ఫోటోనే ఇచ్చేశారా అత్తయ్యా?"

"పోతే పోయింది. అందులో నా ముక్కు లావుగా పడింది. అయినా చెప్పాను, బాబూ, ఇందులో ఉన్నది నేనూ అని. 'ఏది ఉంటే అదే' అన్నాడు." ఆవిడ పళ్ళు ఊడిపోయేలా నవ్వారు. "ఈ వయసులో నన్ను అడిగి మరీ పట్టుకెళ్ళేవాడు దొరికాడు, చూశావా అమ్మాయీ."

"ఎలా ఉన్నాడు?"

"ఏమో. మొహం చూశాను గానీ గుర్తు లేదు. పులిసిన జిగురు వాసన మాత్రం కొట్టింది."

బుడంకాయ ఆవిడ కొంగు పట్టుకుని ఊగుతోంది. "చీటీ ఉంటే ఇచ్చెయ్యాలా అమ్మమ్మా?"

"ఇచ్చెయ్యాలమ్మా. చీటీ ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే."

పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. దుప్పటి మెడదాకా కప్పి ఉన్నట్టే ఉంది, కింద మనిషి లేదు. గ్లాసులో కట్టుడు పళ్ళు. మంచం పక్కన చెప్పులు. వీధి తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది, పెరటి తలుపూ అంతే.

ఊరంతా వెతికాం. పోలీసులకి చెప్పాం. సాయంత్రం ఇంటికొచ్చి హాల్లో కూలబడ్డాం. అప్పుడు వినపడింది.

"ఎవరే... తలుపేసింది?"

పళ్ళు లేని నోటితో మాట్లాడినట్టు, మెత్తగా. పటం తీసేసిన చోట మేకు మిగిలింది. దాని కింద చెమ్మ మచ్చ మళ్ళీ తేలింది, పటమంత కొలతలో, మూలలతో సహా. మాట అందులోంచి వస్తోంది.

"అమ్మాయీ... దాహంగా ఉందే."

సుత్తి తెచ్చి గోడ పగలగొట్టాను. ఒక్క ఇటుక మందం గోడ. అవతల ఖాళీ జాగా, గడ్డి, గాలి. కన్నంలోంచి తల పెట్టి రెండు వైపులా చూశాను. ఎవరూ లేరు. మాట మాత్రం నా చెవి పక్కనే, పగలని ఇటుకలోంచి వస్తోంది. మా ఆవిడ గ్లాసు నీళ్ళు తెచ్చి గోడకి ఆనించి పట్టుకుంది. అలా రెండు రోజులు పట్టుకుంది. మొదటిరోజు అత్తగారు మమ్మల్ని తిట్టారు. రెండో రోజు బతిమాలారు. మూడో రోజు గోడ మాట్లాడలేదు.

నేను ఇటుకలు మళ్ళీ పేర్చి, మీద కర్టెన్ ముక్క వేలాడదీశాను. ఇంతకంటే సిగ్గులేని పని నా జన్మలో చెయ్యలేదు.

*

సోమవారం పెద్దాయన కొట్టుకి వచ్చాడు, ఒక కంటికి కట్టు. నేను నోరు తెరవకముందే అడిగాడు.

"ఏ నంబర్లు?"

చెప్పాను. జిగురు సంగతి కూడా చెప్పాను. 

"తిరిగి తెచ్చి అటక మీద పెట్టేస్తాను," అన్నాను.

"పెట్టు. నీ కూతుర్ని కూడా అటక మీద పెట్టినట్టే."

"పాప ఫోటో తీసేసి ఇస్తే?"

"ఖాళీది వాళ్ళు పుచ్చుకోరు. బయటివాళ్ళ ఫోటో పెట్టినా చెల్లదు. పటం ఏ ఇంట్లో తగిలించావో ఆ ఇంటి మనిషే ఉండాలి. వాళ్ళ మనిషి విడిగా దొరికితే సరే, వెళ్ళిపోతారు. నువ్వేమో వీపుకి వీపు అంటించావు."

"అసలు ఇవ్వకపోతే?"

"ఒకసారి నేను ఇవ్వలేదు." ఆయన కట్టు లేని కన్ను కొట్టు గుమ్మం వైపు తిరిగింది. "అవతల నిలబడి ఉంటారు. అరవరు, తలుపు పగలగొట్టరు. లోపల ఉన్నవాళ్ళే లేచి నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు." కంటి కట్టు సర్దుకుంటూ అన్నాడు, "వాళ్ళు చెక్క మీద నంబరు చూస్తారు, అంతే. లోపల ఎవరి మొహం ఉందో చూడరు. మనలాగే."

ఇంటికొచ్చి మా ఆవిడకి పొల్లు పోకుండా అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బుడంకాయకి జడ వేస్తూ వింది. జడ అయ్యాక విప్పేసి మళ్ళీ మొదట్నుంచి వేసింది.

మంగళవారం పాప ఫోటోని పాతదాని నుంచి విడదీద్దామని చూశాను. మైదా జిగురు నీళ్ళకి నానితే వదులుతుంది. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, ముందుగా ఒక్క అంచు ముంచాను. ఫోటోలో దాని చెప్పులున్న అంచు.

పక్క గదిలోంచి పిలుపు.

"నాన్నా... నా చెప్పుల్లోకి నీళ్ళొస్తున్నాయి."

పరిగెత్తాను. నేలంతా పొడిగా ఉంది. అది మంచం మీద కూర్చుని బొమ్మలేసుకుంటోంది. చెప్పులు విప్పి చూస్తే వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి, నీలంగా, మైలుతుత్తం రంగులో.

మిగిలింది ఒకటే దారి. నిజం చెప్పాలంటే పెద్దాయన ఆ చివరి మాట అన్నప్పుడే నాకు తట్టింది. మూడు పటాలదీ ఒకటే కొలత. వెనక మేకులు నాలుగు వదులు చేసి, నలభై రెండో నంబరు ఫ్రేములోంచి పాపని తీసి, చీటీ లేని మూడో ఫ్రేములో పెట్టాను. నన్ను తీసి నలభై రెండులో పెట్టాను. ఎవరి చోట వాళ్ళ మొహమే కనపడేలా ఫ్రేములు అటూ ఇటూ మార్చి తగిలించాను. మా ఆవిడకి చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది, ఆ ఏడుపు చూస్తే నాకు ధైర్యం చాలదు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

*

బుధవారం కొట్టుకి వెళ్ళలేదు. మిషనుకి నూనె వేశాను. వదులైన గడియ బిగించాను. నా తర్వాత ఎవరు బిగిస్తారు? మధ్యాహ్నం బజారుకెళ్ళి హాల్లోకి బల్బు కొన్నాను. ఈ ఇంటికి నేను కొన్న ఒకే ఒక్క కొత్త వస్తువు అది.

మా ఆవిడ ఆ రోజంతా నా మొహంలోకి చూడలేదు. భోజనం ముందు నాకే పెట్టింది. నేను చాలంటున్నా మళ్ళీ వడ్డించింది. ఎందుకే ఇంత మర్యాద, నేనేమన్నా కొత్తల్లుణ్ణా అన్నాను. ఆమె గరిటె కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దిగులు అనుకున్నాను.

పొద్దు గుంకింది. బల్బు ఇంకా పెట్టలేదు, అట్టపెట్టెలోంచి తీస్తున్నాను. హాలు నెమ్మదిగా నల్లబడింది. కర్టెన్ ముక్కలన్నీ ఒకే రంగులోకి తిరిగాయి. వీధిలో పిల్లల అరుపులు ఆగిపోయాయి. ముందు వాసన వచ్చింది. పులిసిన జిగురు. తడిసిన అట్ట. ఆ తర్వాత తలుపు మీద మూడు దెబ్బలు, మెల్లగా, మర్యాదగా.

తీశాను. ఒక ఆడమనిషి. మొహం నాకు ఎదురుగానే ఉంది, నేను చూశాను కూడా. ఇప్పుడు అడిగితే ఆమె భుజాల వెడల్పు చెప్పగలను, గుమ్మానికి ఆమెకి మధ్య ఎంత జాగా ఉందో చెప్పగలను. మొహం చెప్పలేను.

"ఫోటో కోసం వచ్చాను."

చీటీ చాపింది. నలభై రెండు.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాను. నా గొంతు కొట్టులో ఉన్నట్టే ఉంది. గోడ దగ్గరికి వెళ్ళి నా పటం దించాను. కాగితంలో చుట్టాను, మూలలు మడిచాను. ఇరవై రెండేళ్ళలో ఇంత శుభ్రంగా ఏ పటమూ చుట్టలేదు. రెండు చేతులతో అందించాను.

ఆమె దాన్ని తిప్పింది. కాగితం ఒక మూల చింపింది. వేలితో చెక్క తడిమింది.

"నంబరు లేదు."

"ఉందమ్మా... నేనే..."

వేలు పెట్టి చూశాను. నున్నటి చెక్క. నా చేతులతో నేను చేసిన ఫ్రేము. చీటీ లేనిది.

వెనక్కి తిరిగాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ. అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"మీరు... ముందే మార్చేశారా?" అంది. ఊపిరితోనే అంది. "మధ్యాహ్నం... మీరు బజారుకెళ్ళినప్పుడు... నేను..."

ఆమె కూడా మేకులు వదులు చేసింది. పాపని తీసి నా ఫ్రేములో పెట్టింది, నన్ను తీసి పాప ఫ్రేములో పెట్టింది. నేను మార్చింది మళ్ళీ మొదటికొచ్చింది. తొందరలో, భయంలో, వెనక నంబరు చూసుకోలేదు. పాపది నలభై రెండు అని సోమవారం నేనే చెప్పాను కదా. పన్నెండేళ్ళు నా పక్కన కూర్చుని చూసిన పని, మూలలు కూడా సరిగ్గా బిగించింది.

నాకు కోపం రాలేదు. అబద్ధం ఎందుకు, కొంచెం వచ్చింది. నన్ను ఇచ్చేద్దామనుకున్నందుకు కాదు. అడిగితే నేను ఒప్పుకోనని అనుకుంది చూడండి, అందుకు.

"ఇవ్వం," అన్నాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "వెళ్ళిపో."

ఆమె వెళ్ళలేదు. అరవలేదు. నిలబడింది.

నా వెనక... నేల మీద చిన్న చెప్పుల చప్పుడు. తడి చెప్పులు. కుర్చీ లాగిన శబ్దం. గోడ మీద మేకు కిర్రుమంది.

తిరగాలనుకున్నాను. కాళ్ళు నా మాట వినలేదు. మా ఆవిడ నోరు తెరిచే ఉంది, అరుపు మాత్రం రాలేదు. వంటింటి గుమ్మం వదిలి ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయింది.

బుడంకాయ నా నడుము పక్క నుంచి దూరి ముందుకొచ్చింది. పటం గుండెలకి హత్తుకుని ఉంది. దానికి చేతనైనట్టు కాగితం చుట్టింది, సగం పటం బయటే ఉంది.

"చీటీ ఏదీ?" అని అడిగింది ఆ వచ్చినామెని, పెద్దరికంగా.

ఆమె వంగి చూపించింది. పాప దాని మీద వేలు పెట్టింది.

"నాలుగు... రెండు." పటం తిప్పి వెనక చూసింది. "నాలుగు... రెండు." తలెత్తి నన్ను చూసి నవ్వింది. లెక్క సరిగ్గా చేస్తే నేను మెచ్చుకుంటానని దానికి తెలుసు. "సరిపోయింది నాన్నా."

ఇచ్చేసింది.

అప్పుడు నా కాళ్ళు కదిలాయి. దూకి పట్టుకుంటే చేతికి చిరిగిన కాగితం వచ్చింది. గుమ్మం ముందు ఎవరూ లేరు, వీధి చివరిదాకా ఎవరూ లేరు.

పాప మాత్రం ఉంది. ఇంకా అక్కడే ఉంది. దాన్ని లోపలికి తీసుకొచ్చి, మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని, చెరో చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ మేలుకున్నాం. రెప్ప వెయ్యలేదని మా ఆవిడ అంది, నేనూ వెయ్యలేదు. వెలుతురొచ్చి చూసుకునేసరికి నేను పట్టుకున్నది మా ఆవిడ చేతిని, ఆమె పట్టుకున్నది నాది.

*

"నాన్నా, లైటు వెయ్యి."

గోడ మీద రెండో మేకు కింద మచ్చ తేలింది. హోల్డరులో బల్బు బిగించి స్విచ్చి వేశాను. హాలంతా పట్టపగలైంది.

"వేశాను తల్లీ."

"ఏదీ?"

రెండు రోజులు ఆ బల్బు ఆర్పలేదు. రెండు రోజులూ అది అదే అడిగింది. మధ్యలో అమ్మమ్మ ఉందా అక్కడ అని మా ఆవిడ అడిగింది. "ఎవరూ లేరు" అంది. మూడో రోజు గోడ ఊరుకుంది.

ఆ తర్వాత మా ఆవిడ ఒక్కర్తే స్టూడియోకి వెళ్ళి ఫోటో తీయించుకుంది. నేను లేనప్పుడు కొట్టుకి వెళ్ళి అటక ఎక్కిందట. పెద్దాయన చూసి కూడా అడ్డం చెప్పలేదట. నలభై మూడో నంబరు పటం ఇంటికి తెచ్చి, నా జిగురే కాచి, పాత ఫోటో వీపుకి తన వీపు అంటించింది. తనే మేకు కొట్టి తగిలించింది.

"వద్దే," అన్నాను. కాళ్ళ మీద పడ్డాను.

"అది ఒక్కర్తే ఉందటండీ అక్కడ," అంది. మొహంలో కోపం లేదు, ప్రేమా లేదు. "మీరు కూడా వద్దామనుకుంటారేమో, రాకండి. దాన్ని మీ మొహం చూడనివ్వను."

బుధవారం సాయంత్రం తన పటం తనే చుట్టి ఇచ్చింది. నేను ఆపలేదు. ఆపినా నడుచుకుంటూ వెళ్ళేదే.

రెండు రోజులు గోడలో ఆమె గొంతు. బుడంకాయా, బుడంకాయా అని పిలుస్తోంది. ముందు దగ్గర్లో, తర్వాత దూరంగా, మళ్ళీ దగ్గర్లో, తడుముకుంటూ తిరుగుతున్నట్టు. నేను చెవి ఆనించి విన్నాను. ఎక్కడా బదులు లేదు. ఒక్కసారి కూడా లేదు. మూడో రోజు పిలుపు ఆగిపోయింది.

ఇప్పుడు గోడ మీద నేనొక్కణ్ణే, కొట్టు ముందు నిలబడి, తల దువ్వుకుని. నా ఫ్రేముకి చీటీ లేదు కాబట్టి నా కోసం ఎవరూ రారు. ఇంటికి రంగు మాత్రం బాగా కుదిరింది, చూసినవాళ్ళంతా అంటారు.

నిన్న బుధవారం. పొద్దు గుంకే వేళకి వాసన వచ్చింది. తలుపు చప్పుడైంది. మనుషులు తట్టే ఎత్తులో కాదు. కింద, నా మోకాలికి కొంచెం పైన.

"ఫోటో కోసం వచ్చాను."

ఆ గొంతు నేను పోల్చుకోలేకపోవడం అంటూ ఉండదు. తలుపు అవతల చీటీ మీద వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతోంది. నేను అటక మీద నుంచి తెచ్చిన నంబరు కాదది. మా ఆవిడ తెచ్చిందీ కాదు.

"ఆ నంబరు ఇక్కడ లేదమ్మా," అన్నాను. గడియ మీద చెయ్యి పెట్టి, తియ్యలేక నిలబడ్డాను.

చీటీ మడిచిన చప్పుడైంది. తర్వాత చెప్పింది.

"మళ్ళీ వారం వస్తాను."

దీపం వేసి, గోడ మీద నా పటం దించి తిప్పాను. చెక్క మీద మూలకి, చీటీ అంటించాల్సినంత మేర, జిగురు పూసి ఉంది. నేను పూయలేదు. ఇంట్లో జిగురు కాచి నెల దాటింది. చీటీ ఇంకా అంటించలేదు. పొద్దుట్నుంచి మూడుసార్లు వేలు పెట్టి చూశాను, జిగురు ఆరలేదు.